మన హీరో సినిమా బాగాలేదని ఎవరు చెప్పాలి?

(తెనాలిలో సినీ అభిమాన సంఘాల సభ్యులు, డిగ్రీ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ముందు వరసల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది ఏదో ఒక హీరో అభిమాన సంఘంలో పనిచేస్తున్నవాళ్లేనని నిర్వాహకులు చెప్పారు. నాకు చాలా సంతోషంగా ఉంది. అభిమానుల గురించి అభిమానులు లేని చోట మాట్లాడటం నాకు నచ్చదు. ఇవాళ చెప్పే మాటల్లో కొన్ని మీకు కష్టంగా తోచవచ్చు. చివరిదాకా వినండి, ఆ తర్వాత నన్ను నిలదీయండి.

2023 జూన్ 16తో మొదలుపెడతాను. ఆ శుక్రవారం ఆదిపురుష్ విడుదలైంది. హైదరాబాద్‌లో ప్రసాద్స్ సంగతి మీకు తెలుసు. పెద్ద సినిమా వచ్చిన రోజు పొద్దున్నే ఆట వదిలే సమయానికి యూట్యూబ్ ఛానళ్ల వాళ్లు మైకులు పట్టుకుని గేటు బయట నిలబడి ఉంటారు. 'పబ్లిక్ టాక్' అంటే అక్కడి మాటే. ఆ రోజు అలాంటి మైకు ముందు ఒక యువకుడు మాట్లాడాడు. ప్రభాస్‌కి రాముడి గెటప్ నప్పలేదన్నాడు. బాహుబలిలో రాజసం ఉట్టిపడిన మనిషిని ఇక్కడ దర్శకుడు సరిగ్గా చూపించలేకపోయాడన్నాడు. రాక్షసులు వీడియో గేముల్లోంచి వచ్చినట్టు ఉన్నారన్నాడు. హనుమంతుడు, నేపథ్య సంగీతం, అక్కడక్కడా కొన్ని త్రీడీ షాట్లు తప్ప ఇంకేమీ లేదన్నాడు. చుట్టూ ఉన్న అభిమానులు ముందు వాదించారు. ఆ తర్వాత కొట్టారు. ఆ వీడియో దేశమంతా చూసింది.

అతను ఏమన్నాడో ఒకసారి మళ్లీ ఆలోచించండి. ప్రభాస్‌ను తిట్టలేదు. మీ హీరో ఇంతకంటే గొప్పగా ఉంటాడు, ఈ సినిమా ఆయనకు అన్యాయం చేసింది అన్నాడు. నన్నడిగితే అది అభిమాని మాట. దెబ్బలు తిన్నవాడి మాటలో కొట్టినవాళ్ల మాటలో కన్నా ప్రభాస్ మీద ఎక్కువ గౌరవం ఉంది.

దీనికి ముందు జరిగింది కూడా గుర్తు తెచ్చుకోండి. 2022 అక్టోబరులో ఆ సినిమా టీజర్ అయోధ్యలో విడుదల చేశారు. గ్రాఫిక్స్ చూసి జనం పెదవి విరిచారు. అప్పుడు అందరికన్నా గట్టిగా బాధపడింది ప్రభాస్ అభిమానులే. మా హీరోని కార్టూన్ బొమ్మలా చూపిస్తారా అని దర్శకుడు ఓం రౌత్‌ను నిలదీశారు. ఆ విమర్శ ఎంత బలంగా తగిలిందంటే, 2023 జనవరి 12న రావాల్సిన సినిమాను జూన్ 16కి వాయిదా వేసుకుని గ్రాఫిక్స్ మీద మళ్లీ పనిచేశారు. అంటే అభిమానుల విమర్శకు వందల కోట్ల సినిమాను ఆపగలిగే శక్తి ఉందని ఆ అభిమానులే నిరూపించారు. విడుదలయ్యాక కొద్ది రోజులకే అభిమానులు కూడా మళ్లీ అవే మాటలు అన్నారు. డైలాగుల మీద గోల ఎక్కువై నిర్మాతలు వాటిని మార్చాల్సి వచ్చింది.

టీజర్ వచ్చినప్పుడు ఆ మాట అనవచ్చు. విడుదలైన రెండు వారాలకు అనవచ్చు. విడుదలైన రోజు పొద్దున, మైకు ముందు, నలుగురూ వింటుండగా అంటే మాత్రం దెబ్బలు. మాట ఒకటే, చెప్పిన సమయమూ చోటూ వేరు. మన అభిమాన లోకంలో విమర్శ లేకపోవడం ఎప్పుడూ సమస్య కాలేదండి. విమర్శ పుష్కలంగా ఉంది. దాన్ని బయట పలకకూడదన్న కట్టడి ఉంది. ఇవాళ నేను మాట్లాడాలనుకున్నది ఆ కట్టడి గురించే.

మీ వాట్సాప్ గ్రూపుల సంగతి మీకే బాగా తెలుసు. ప్రీమియర్ షో నడుస్తుండగానే గ్రూపులో మెసేజీలు పడుతుంటాయి. 'ఫస్టాఫ్ ఓకే', 'ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది', 'సెకండాఫ్ ల్యాగ్ రా', 'ఆ ఫ్లాష్‌బ్యాక్ ఎందుకు పెట్టారో', 'క్లైమాక్స్ తేల్చేశారు'. పేరున్న విమర్శకులు మర్నాడు రాసే సమీక్షల్లో ఇంతకన్నా కొత్తగా ఏమీ ఉండదు. నిజం చెప్పాలంటే మీరు ఇంకా నిర్మొహమాటంగా ఉంటారు. హీరో ఏ సీన్లో మనసు పెట్టి చేశాడో, ఎక్కడ ఏదో చేసేశాడో, ఏ పాటలో మోకాలి నొప్పి దాచుకుంటున్నాడో మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పాతికేళ్లుగా ఒక మనిషి ముఖాన్ని తెర మీద చూస్తున్నవాళ్లు మీరు. ఆ కాసేపటికే గ్రూపు అడ్మిన్ ఒక మెసేజ్ పెడతాడు: బయట ఎవరూ నెగెటివ్ పెట్టొద్దు, కనీసం మండే దాకా ఆగండి. అంతే. ఆ చేతులే 'బ్లాక్‌బస్టర్' అని టైపు చేస్తాయి. ఎవరైనా బయటి మనిషి 'సెకండాఫ్ ల్యాగ్' అని రాస్తే, పది నిమిషాల కిందట అదే మాట రాసినవాడు వెళ్లి అతన్ని తల్లి పేరుతో తిడతాడు.

ఇది ఎందుకు జరుగుతోంది? అభిమానులు మూర్ఖులని, చదువు లేనివాళ్లని కొట్టిపారేసేవాళ్ల మాట నేను ఒప్పుకోను. రక్తదానానికి పరుగెత్తుకొచ్చేదీ వీళ్లే. చిరంజీవి 1998లో రక్తనిధి, నేత్రనిధి పెట్టినప్పుడు దాన్ని ఊరూరా నిలబెట్టింది అభిమాన సంఘాల పిల్లలే. అంత మంచి చేయగలిగిన శక్తి ఒక చిన్న విమర్శ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చెడిపోతోందో అర్థం చేసుకోవాలి.

ఒక కారణం పాతది. ఎన్టీఆర్, ఏఎన్నార్ కాలం నుంచీ మన దగ్గర అభిమానమంటే ఇంకో హీరో అభిమానులతో పోటీ. పోస్టర్ల మీద పేడ కొట్టుకున్న రోజులు ఈ ఊరి పెద్దలకు గుర్తుండే ఉంటాయి. వంద రోజుల కేంద్రాలు ఎన్ని అన్నదే పెద్ద లెక్క. జనం లేకపోయినా అభిమానులే టికెట్లు కొని ఆడించిన సెంటర్లు ఉన్నాయి, అది అందరికీ తెలిసిన రహస్యమే. ఇప్పుడు ఆ సెంటర్ల లెక్క పోయి కలెక్షన్ల లెక్క వచ్చింది. మొదటిరోజు గ్రాస్ ఎంత, షేర్ ఎంత, ఓవర్సీస్ ఎంత. పోస్టర్ మీద వేసిన అంకెను నిజమని నమ్మించడానికి ఒకరు, అబద్ధమని తేల్చడానికి ఇంకొకరు రాత్రంతా నిద్రపోరు. అలాంటి పోటీలో సినిమా గురించి ఎవరు నిజం చెప్పినా అది అవతలి జట్టు చేతికి ఆయుధంగా వెళుతుంది. మీవాడే ఒప్పుకున్నాడని స్క్రీన్‌షాట్ తీసి వాళ్లు తిప్పుతారు. అందుకే మన గ్రూపులోని నిజాయితీపరుడే మనకు ముందు ప్రమాదకరంగా కనిపిస్తాడు.

రెండో కారణం డబ్బు. ఒకప్పుడు సినిమా పెద్ద సెంటర్లలో ముందు వచ్చి చిన్న ఊళ్లకు నెలల తర్వాత చేరేది. టాక్ నెమ్మదిగా పాకేది. వారపత్రికలో సమీక్ష వచ్చేసరికి సినిమా ఒక వారమో రెండు వారాలో ఆడేసేది. సమీక్ష చదివి సినిమాకు వెళ్లేవాళ్లకన్నా, చూసొచ్చి సమీక్షతో పోట్లాడేవాళ్లు ఎక్కువ. ఇప్పుడు వసూళ్లలో ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు రోజుల్లోనే రావాలి. ముందురోజు రాత్రే ప్రీమియర్లు, అమెరికాలో ఇంకో లెక్క. తెల్లవారేసరికి తీర్పు వచ్చేస్తుంది. దాంతో నిర్మాతకు టెన్షన్, ఆయన టెన్షన్ హీరో టీముకు, అక్కడినుంచి అభిమాన సంఘానికి. సినిమా వ్యాపారంలోని భయాన్ని జీతం లేని పిల్లలు మోస్తున్నారు. వాళ్లకు ఆ సినిమా లాభాల్లో రూపాయి వాటా లేదు.

అదే సమయంలో టికెట్ కొనేవాడి వైపు నుంచీ చూడండి. 2024 డిసెంబరు 4 రాత్రి పుష్ప 2 బెనిఫిట్ షోలకు టికెట్ మీద అదనంగా 800 రూపాయలు పెంచుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతించింది. అసలు ధరతో కలిపితే వెయ్యి దాటుతుంది. నలుగురున్న ఇంట్లో అది నెల సరుకుల ఖర్చుతో పోల్చుకోవాల్సిన మొత్తం. అంత ఖర్చు పెట్టించేటప్పుడు, పెట్టాలా వద్దా అని ఒక నమ్మకమైన మాట అడిగే హక్కు ఆ కుటుంబానికి లేదా? ఆ మాట చెప్పేవాడిని బెదిరించి నోరు మూయిస్తే మోసపోయేది మన ఇరుగుపొరుగువాళ్లే.

మూడో కారణం చెప్పడానికి ఈ జిల్లాలో కొంచెం ధైర్యం కావాలి. కులం. ఒక సమీక్ష కింద వచ్చే కామెంట్లు చదవండి. మొదటి ప్రశ్న, నువ్వు ఏ హీరో ఫ్యాన్‌వి అని. ఏ హీరో అభిమానీ కానివాడు సినిమా గురించి మాట్లాడగలడని మనవాళ్లు నమ్మరు. రెండో ప్రశ్న, ఇంటిపేరు ఏమిటని. ఇంటిపేరు దొరికితే కులం ఊహిస్తారు, కులం తెలిస్తే ఇక ఆ సమీక్షలోని వాక్యాలు ఎవరూ చదవరు. పైగా మన రాష్ట్రాల్లో తెరకూ రాజకీయానికీ మధ్య గోడ లేదు. ఎన్టీఆర్ 1982లో పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. చిరంజీవి 2008లో పార్టీ పెట్టారు. పవన్ కల్యాణ్ 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి. ఒకే మనిషి తెర మీద హీరో, సభలో నాయకుడు అయినప్పుడు, ఆయన సినిమాలో ఫైటు సాగిందని రాసినా పార్టీ మీద దాడిలా కనిపిస్తుంది. అటువైపు పార్టీవాళ్లు కూడా ఆ వాక్యాన్ని అలాగే వాడుకుంటారు. మధ్యలో సినిమా గురించి రాసినవాడికి నిలబడటానికి జాగా ఉండదు.

సినీ విమర్శకుడు కత్తి మహేష్ విషయం గుర్తుందా? 2017లో పవన్ కల్యాణ్ మీద ఆయన చేసిన వ్యాఖ్యలకు నెలల తరబడి ఫోన్లు, బెదిరింపులు వచ్చాయి. 2018 జనవరిలో హైదరాబాద్‌లో ఆయన మీద కోడిగుడ్లు విసిరారు. ఫిర్యాదు ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఆయన మాటలు కొన్ని సినిమాను, రాజకీయాన్ని దాటి వ్యక్తిగతంగా వెళ్లాయి. వాటిని నేను సమర్థించను. కానీ ఒక మాట కటువుగా ఉంటే దానికి మాటతోనే బదులివ్వాలి. గుడ్డు విసిరిన చేతికి రేపు రాయి దొరకదని ఎవరు హామీ ఇస్తారు?

2016 ఆగస్టులో కర్ణాటకలోని కోలార్‌లో ఏం జరిగిందో అప్పటి పత్రికలు చదివినవాళ్లకు తెలుసు. ఒక సేవా కార్యక్రమానికి వెళ్లిన ఇద్దరు తెలుగు హీరోల అభిమానుల మధ్య మా హీరో గొప్పంటే మా హీరో గొప్పని మాటామాటా పెరిగింది. తిరుపతికి చెందిన ఒక యువకుణ్ని పొడిచి చంపేశారు. పవన్ కల్యాణ్ తిరుపతి వెళ్లి ఆ కుటుంబాన్ని పరామర్శించారు. ఆ తల్లిదండ్రులకు కొడుకు తిరిగి రాడు. పొడిచిన చేతులవాళ్ల ఇళ్లూ కూలిపోయి ఉంటాయి. అది సమీక్ష మీద వచ్చిన గొడవ కాదని మీరు అనవచ్చు. నిజమే. కానీ మన హీరో గురించి తక్కువ మాట వినలేని గుణం ఒకటే. ఒకచోట అది తిట్టుగా బయటపడుతుంది, ఇంకోచోట కత్తిగా.

ఆడవాళ్ల విషయంలో ఈ గుణం ఇంకా నీచంగా ఉంటుంది. 2020 జూన్‌లో నటి మీరా చోప్రా ట్విట్టర్‌లో అభిమానుల ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నారు. ఇష్టమైన తెలుగు హీరో ఎవరంటే మహేష్‌బాబు అన్నారు. జూనియర్ ఎన్టీఆర్ గురించి అడిగితే తాను ఆయన అభిమానిని కాదన్నారు. అంతే. ఏ సినిమానీ విమర్శించలేదు, ఏ నటననీ తప్పుపట్టలేదు. దానికి వచ్చిన బెదిరింపులు ఇక్కడ పలకలేను. అత్యాచారం చేస్తామన్నారు, యాసిడ్ పోస్తామన్నారు, తల్లిదండ్రులను తిట్టారు. హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు కేసు పెట్టాల్సి వచ్చింది. అభిమాని కాకపోవడం కూడా నేరమైపోయిన చోట విమర్శకు చోటెక్కడిది?

మగ సమీక్షకుడికి ప్యాకేజీ తీసుకున్నావని తిట్లు వస్తాయి. అదే మాట రాసిన ఆడపిల్లకు శరీరం మీద బెదిరింపులు వస్తాయి. మన తెలుగులో సినిమా మీద రాసే ఆడవాళ్లు ఎందుకు తక్కువని చాలామంది నన్ను అడుగుతుంటారు. రాయగలిగినవాళ్లు ఉన్నారు. రాసి, ఆ రాత్రి ఫోను తెరవలేక, ఇంట్లో చెప్పుకోలేక మానేసినవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్లు నాకు తెలుసు. వాళ్లు రాయని సమీక్షలు మనం పోగొట్టుకున్నాం. మన సినిమాల్లో ఆడపాత్రలు ఎలా ఉన్నాయో ఆడవాళ్లు చెప్తే వినే భాగ్యం మనమే కాలదన్నుకున్నాం.

ఇదే తెనాలి గడ్డ మీద పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు దశాబ్దాలపాటు సినిమా మీద రాశారు. మొహమాటం లేకుండా, ఇది ఎందుకు అతకలేదో విడమరిచి రాశారు. ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో సమీక్షలు రాసిన రోజుల్లో ఆ చురకలకు భయపడని నిర్మాత లేడంటారు. అదే ముళ్లపూడిని పిలిచి పరిశ్రమ మాటలు రాయమంది. 1962లో ఎన్టీ రామారావు, సావిత్రి నటించిన రక్తసంబంధానికి మాటలు ఆయనవే. ఆలోచించండి, సినిమాలో తప్పులెన్నినవాడి చేతికే సినిమాను ఇచ్చారు. ఈ మనిషికి ఏది బాగాలేదో తెలిసిందంటే ఏది బాగుంటుందో కూడా తెలిసే ఉంటుందని వాళ్లు నమ్మారు. అభిమానుల కొట్లాటలు అప్పుడూ ఉన్నాయి. కానీ రాసినవాడి ఇంటికి, ఫోనుకి, పిల్లల ఫొటోలకి చేరే దారి అప్పుడు లేదు. ఇవాళ సమీక్ష రాసిన గంటలో ఆ మనిషి కుటుంబం ఫొటోలు గ్రూపుల్లో తిరుగుతాయి.

మీరు నన్ను అడగాలనుకుంటున్న ప్రశ్న నాకు తెలుసు. సమీక్షకులందరూ నిజాయితీపరులేనా? కాదు. డబ్బు తీసుకుని పొగిడేవాళ్లు ఉన్నారు, డబ్బు ఇవ్వలేదని తెగిడేవాళ్లు ఉన్నారని పరిశ్రమలో అందరూ చెప్పుకునేదే. సినిమా సగంలో ఉండగానే 'డిజాస్టర్' అని పెట్టేవాడు ఉన్నాడు. ఏడుపు ముఖం థంబ్‌నెయిల్ పెట్టి వ్యూస్ కోసం సినిమాను ముక్కలు చేసేవాడు ఉన్నాడు. షో పడకముందే రేటింగులు ఇచ్చే అవతలి జట్టువాళ్లు ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో ఫ్యామిలీ స్టార్ విడుదలైనప్పుడు కావాలని విషప్రచారం చేస్తున్నారని విజయ్ దేవరకొండ తరఫువాళ్లు సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేశారు. కేరళలో 2023లో ఇలాంటి వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి మీ అనుమానానికి ఆధారం లేదని నేను అనను.

కానీ అనుమానం నిజమైన చోట ఏం చేస్తున్నాం, అందరి మీదా ఎలా వాడుతున్నాం అన్నది చూడాలి. 2024 చివర్లో తమిళ నిర్మాతలు సినిమా వచ్చిన మొదటి మూడు రోజులు సమీక్షలే రాకుండా ఆపమని మద్రాసు హైకోర్టును అడిగారు. కోర్టు ఒప్పుకోలేదు. అభిప్రాయం చెప్పడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమంది. నేనైతే ఇంకో మాట కూడా అంటాను. మూడు రోజులు పొగడ్తలను కూడా ఆపుతారా? ప్రీ రిలీజ్ ఈవెంట్లో 'ఇండస్ట్రీ హిట్' అని చెప్పడం ఆపుతారా? పొగడ్తకు సెన్సారు లేనప్పుడు విమర్శకు ఎందుకు? సినిమా చూసి, ఏ సీను ఎందుకు నచ్చలేదో కారణం చెప్పి, పేరు పెట్టి రాసినవాడిని, చూడకుండా ముఖం దాచుకుని బురద చల్లినవాడినీ ఒకే గాటన కట్టకూడదు. ఇద్దరినీ 'యాంటీ' అనే ఒక్క మాటతో కొడితే లాభపడేది ముఖం దాచుకున్నవాడే. పేరు పెట్టి రాసినవాడు పక్కకు తప్పుకుంటాడు, ముఖం లేనివాడు ఇంకో అకౌంట్ తెరుస్తాడు.

విమర్శకులు తప్పు చేయరా, ఖలేజాను ఎంత తిట్టారు, ఇప్పుడు చూడండి అని అభిమానులు తరచూ అంటారు. మంచి ఉదాహరణ, దాని దగ్గర కాసేపు ఆగుదాం. ఖలేజా 2010లో వచ్చింది, ఆడలేదు. ఆరెంజ్ కూడా అదే ఏడాది వచ్చింది, అదీ ఆడలేదు. ఇవాళ రీ రిలీజ్ అయితే హాళ్లు నిండుతున్నాయి. అప్పటి సమీక్షకులు వాటిని సరిగ్గా పట్టుకోలేకపోయారనే అనుకుందాం. జనం కూడా పట్టుకోలేదు కదా. మరి ఆ సినిమాలకు రెండో జీవితం ఎలా వచ్చింది? కొట్టడం వల్ల రాలేదు, తిట్టడం వల్ల రాలేదు. టీవీలో మళ్లీ మళ్లీ చూసినవాళ్లు, ఈ డైలాగు వెనక ఇది ఉంది, ఈ సీనులో దేవుడి గురించి ఇలా అన్నాడు, ఈ ప్రేమకథలో అబ్బాయి అంటున్నది అప్పట్లో మనకు అర్థం కాలేదు అని ఓపికగా రాశారు. వివరించారు, వాదించారు. వాళ్లలో ఎక్కువమంది అభిమానులే. నా లెక్కలో వాళ్లందరూ విమర్శకులే. ఒక సినిమా ఎందుకు బాగుందో కారణాలతో చెప్పడం కూడా విమర్శే. ఆ పని మీరు ఎంత బాగా చేయగలరో ఆ రెండు సినిమాలే సాక్ష్యం. మరి బాగున్నదాని గురించి అంత వివరంగా రాయగలిగిన చెయ్యి, బాగాలేనిదాని గురించి రాస్తే ద్రోహం ఎలా అవుతుంది?

ఈ అసహనం వల్ల సమీక్షకుడికి జరిగే నష్టం బయటికి కనిపిస్తుంది. మీకూ మీ హీరోకూ జరిగేది కనిపించదు.

హీరో చుట్టూ ఎవరు ఉంటారు? ఆయన డేట్లతో బతుకు ముడిపడినవాళ్లు. కథ బాగాలేదని చెప్తే అవకాశం పోతుందని భయపడే రచయిత, సెట్లో ఎదురుచెప్తే తర్వాతి సినిమా రాదని భయపడే దర్శకుడు. ఇంక ఆయనకు నిజం చెప్పగలిగేవాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకరు బయటి విమర్శకుడు, రెండోవారు ఏమీ ఆశించని అభిమాని. మొదటివాడిని మీరు తిట్టి పంపేశారు. రెండోవాడి నోరు మీరే నొక్కారు. దాంతో ఆయన చెవికి చేరేది ట్రెండింగ్ ట్యాగ్ మాత్రమే. అలా ఒక మంచి నటుడు ఒకే రకం సినిమా మూడోసారి, నాలుగోసారి చేస్తాడు. పేర్లు చెప్పను, మీ మనసులో ఇప్పటికే మెదిలాయి. అప్పుడు గ్రూపులో మీరే బాధపడతారు: మనవాడు మంచి కథలు ఎందుకు చేయట్లేదు రా అని. ఆయనకు చెప్పే దారి మూసింది ఎవరు?

పక్కనే బుర్రిపాలెం ఉంది. కృష్ణగారి ఊరు. సినిమా పోతే పోయిందని ఆయన నోటితోనే చెప్పేవారని, నష్టపోయిన నిర్మాతను పిలిచి మళ్లీ సినిమా చేసేవారని పరిశ్రమలో ఇవాళ్టికీ చెప్పుకుంటారు. 2022లో ఆయన పోయినప్పుడు అందరూ తలుచుకున్న గుణాల్లో అదొకటి. సినిమా పోయిందని ఒప్పుకున్నందుకు ఆయన అభిమానులు ఆయన్ని వదిలేశారా? ఈ హాల్లో తెల్లజుట్టు ఉన్నవాళ్లను చూస్తే జవాబు తెలుస్తోంది.

(చప్పట్లు)

హీరోలు చేయాల్సిందీ ఉంది. 2017 ఆగస్టులో జర్నలిస్టు ధన్య రాజేంద్రన్, తమిళ హీరో విజయ్ పాత సినిమా ఒకటి ఇంటర్వెల్ దాకే చూడగలిగానని ట్వీట్ చేశారు. రోజుల తరబడి అసభ్యమైన దాడి జరిగింది. అప్పుడు విజయ్ ఒక ప్రకటన ఇచ్చారు. ఎవరి సినిమానైనా విమర్శించే స్వేచ్ఛ ఎవరికైనా ఉందని, ఏ కారణంతోనూ ఆడవాళ్లను కించపరచకూడదని అందులో చెప్పారు. ఇంకా ముందే ఇవ్వాల్సిందని నా అభిప్రాయం. కానీ ఇచ్చారు. మన హీరోలు ప్రీ రిలీజ్ ఈవెంట్లలో 'జాగ్రత్తగా ఇంటికి వెళ్లండి' అని తప్పకుండా చెప్తారు, ఆ మాట అభిమానుల మనసులో నాటుకుంటుంది. అదే వేదిక మీద, రేపు మా సినిమా నచ్చనివాళ్లు ఆ మాట చెప్తే వాళ్లను ఏమీ అనకండి, వాళ్లు నాకు శత్రువులు కారు అని కూడా చెప్పవచ్చు కదా. ఖర్చు లేని మాట. దాడి జరిగిన తర్వాత మేనేజర్ ఇచ్చే ప్రకటన కన్నా, విడుదలకు ముందు హీరో నోట వచ్చే ఆ ఒక్క మాటకు బలం ఎక్కువ.

ఇక సంఘాల పెద్దలకు, గ్రూపు అడ్మిన్లకు. మీ దగ్గర ఒక కుర్రాడు ఉంటాడు. ఫ్లెక్సీ కట్టడానికి నిచ్చెన ఎక్కేది వాడే, మొదటి షోకు మొదటి టికెట్ కొనేదీ వాడే. సినిమా చూసొచ్చి ఒక రాత్రి తన సొంత పేరుతో, 'మా హీరో అంటే ప్రాణం, కానీ ఈ సినిమాలో కథ లేదు' అని నాలుగు వాక్యాలు పెడతాడు. ఇప్పటివరకు మీరేం చేస్తున్నారంటే, వాడిని గ్రూపులోంచి తీసేస్తున్నారు. అవతలి హీరోకు అమ్ముడుపోయాడంటున్నారు. ఊళ్లో స్నేహితులు మాట్లాడటం మానేస్తున్నారు. ఆ తర్వాత వాడు సినిమా గురించి రాయడం మానేస్తాడు, లేదా నిజంగానే అవతలి జట్టులో చేరతాడు. రెండూ మీకు నష్టమే.

వచ్చే సినిమాకు వాడిని తీసేయకండి. మీకు అతని మాట నచ్చకపోతే, ఎందుకు కాదో వాడి పోస్టు కిందే మీ పేరుతో రాయండి. ఫలానా సీనులో కథ ఉంది, నువ్వు చూడలేదు అని చెప్పండి. వాడూ మీకు జవాబిస్తాడు. మర్నాడు ఇద్దరూ కలిసి రెండోసారి చూడండి. వాడి మీదికి వేరేవాళ్లు తిట్లతో వస్తే మీరు వాడి పక్కన నిలబడండి. ముందు మీ గ్రూపుతో మొదలుపెట్టండి, బయటి సమీక్షకుడి సంగతి తర్వాత చూద్దాం.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. మైకు మీకు ఇస్తున్నాను. ఇందాకటి నుంచి మూడో వరసలో ఒక తమ్ముడు చెయ్యి ఎత్తుతున్నాడు, ముందు ఆయనకు ఇవ్వండి. నా మాటలో ఎక్కడ తేడా ఉందో మొహమాటపడకుండా అడగండి.